జన్యు సవరణ వైద్యం

జీవకణంలోని డీఎన్ఏలో ముందుగా ఎంచుకున్న చోట, కావాలనుకున్న మార్పు చేయడాన్ని జన్యు సవరణ అంటారు. ప్రయోగశాలలో పెంచే కణాల్లో, ఎలుకల్లో, పంటల్లో ఈ పని చాలా ఏళ్లుగా సాగుతోంది. క్రిస్పర్ పద్ధతి మనుషులకు మందుగా తొలిసారి అనుమతి పొందింది మాత్రం 2023 నవంబరు 16న, బ్రిటన్‌లో. సికిల్ సెల్, తలసీమియా రోగుల కోసం తయారైన ఆ చికిత్స పేరు క్యాస్‌జెవీ. మరుసటి నెల 8న అమెరికా కూడా సికిల్ సెల్‌కు దాన్ని ఒప్పుకుంది. ఆ తర్వాత రెండేళ్లలోపే ఒకే ఒక్క పసిబిడ్డ కోసం ప్రత్యేకంగా జన్యు సవరణ మందు తయారు చేసి ఇచ్చారు. హైదరాబాదులో సవరించిన సాంబ మసూరి వరి రకం ప్రకటన కూడా వెలువడింది.

జన్యు చికిత్సకూ జన్యు సవరణకూ తేడా ఉంది. పాత జన్యు చికిత్సలో చెడిన జన్యువును అలాగే వదిలేసి, మంచి జన్యువును వైరస్ ద్వారా కణంలోకి అదనంగా చేరుస్తారు. అది డీఎన్ఏలో ఎక్కడ కూర్చుంటుందో చాలా సందర్భాల్లో మన చేతిలో ఉండదు. 2000 ప్రాంతంలో ఫ్రాన్సులో రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన పిల్లలకు ఇలా చికిత్స చేస్తే చాలామంది కోలుకున్నారు. కానీ కొత్త జన్యువు వెళ్లి క్యాన్సర్ కారక జన్యువు పక్కన కూర్చోవడంతో కొందరికి ల్యుకేమియా వచ్చింది. జన్యు సవరణలో చోటు ముందే ఖరారవుతుంది. ఈ రంగం మీద ఆశలు పెరగడానికి మొదటి కారణం ఇదే.

పత్రికల్లో ఈ విషయం చదివేవారికి అంతా డీఎన్ఏను కోసే క్రిస్పర్ అనే కత్తెర మహిమే అనిపిస్తుంది. కొంచెం లోతుకు వెళితే కత్తెర దొరకడం ఇందులో తేలికైన భాగమని తెలుస్తుంది. ఎక్కడ కోయాలో తెలుసుకోవడం, ఆ కణం దాకా కత్తెరను చేర్చడం, చివరికి బిల్లు ఎవరు కడతారో తేల్చడం అంతకంటే కష్టమైన పనులు.

కత్తెర ఎక్కడిది

బ్యాక్టీరియాకూ వైరస్‌ల బెడద ఉంది. తన మీద దాడి చేసిన వైరస్ డీఎన్ఏలోంచి చిన్న ముక్క తీసి, బ్యాక్టీరియా తన డీఎన్ఏలో ఆనవాలుగా దాచుకుంటుంది. అదే వైరస్ మళ్లీ వస్తే ఆ ఆనవాలును ఆర్ఎన్ఏగా నకలు తీసి, కోసే ప్రొటీన్‌కు జత చేసి పంపుతుంది. ఈ ఏర్పాటుకు క్రిస్పర్ అని పేరు.

దీని ఆచూకీ తొలిసారి 1987లో జపాన్‌లో దొరికింది. ఒసాకాలో యోషిజుమి ఇషినో బృందం ఇ.కోలై బ్యాక్టీరియాలో ఒకే వరుస మళ్లీ మళ్లీ రావడం గమనించి, ఎందుకో తెలియక అలాగే రాసిపెట్టింది. స్పెయిన్‌లో అలికాంటే దగ్గరి ఉప్పు మడుల్లో బతికే సూక్ష్మజీవుల మీద పనిచేస్తున్న ఫ్రాన్సిస్కో మొహికా, ఇవి వైరస్‌ల నుంచి కాపాడే ఏర్పాటు కావచ్చని తేల్చారు. ఆయన వ్యాసాన్ని పెద్ద పత్రికలు వరుసగా తిప్పి పంపడంతో అది 2005లో గానీ అచ్చు కాలేదు. 2007లో డానిస్కో అనే ఆహార పదార్థాల కంపెనీ శాస్త్రవేత్తలు పెరుగు తయారీలో వాడే బ్యాక్టీరియాలో ఈ సంగతిని ప్రయోగం చేసి రుజువు చేశారు. తమ తోడు బ్యాక్టీరియా వైరస్ తగిలి చచ్చిపోకుండా చూసుకోవడమే వారి అసలు అవసరం.

2012లో ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా బృందాలు క్యాస్9 అనే ప్రొటీన్‌కు మనం రాసిచ్చిన ఆర్ఎన్ఏను జతచేస్తే మనం చెప్పిన చోటే డీఎన్ఏను కోస్తుందని చూపారు. లిథువేనియాలో విర్గీనియస్ షిక్ష్నిస్ ఇంచుమించు అదే ఫలితాన్ని వారికంటే ముందే ఒక పత్రికకు పంపారు. అక్కడ తిరస్కరించడంతో ఆయన వ్యాసం ఆలస్యంగా వెలువడింది. 2020 రసాయనశాస్త్ర నోబెల్ షార్పెంటియే, డౌడ్నాలకు దక్కింది. ఈలోగా 2013లో ఫెంగ్ ఝాంగ్, జార్జ్ చర్చ్ ఎవరికి వారు ఈ పద్ధతి మానవ కణాల్లోనూ పనిచేస్తుందని చూపించారు.

పనితీరు ఇలా ఉంటుంది. దారి చూపే ఆర్ఎన్ఏలో చోటును గుర్తుపట్టే ఇరవై అక్షరాలు, అంటే జన్యు సందేశాన్ని రాసే రసాయన భాగాలు, ఉంటాయి. మూడువందల కోట్ల అక్షరాల మానవ జన్యు సంపుటిలో దానికి సరిపోయే వరుస దొరికి, ఆ పక్కనే రెండు జి అక్షరాల గుర్తు కూడా ఉంటే క్యాస్9 అక్కడ డీఎన్ఏ పోగులు రెండింటినీ కోస్తుంది. తెగిన చోటును కణం తనకు తోచినట్టు అతుక్కుంటుంది. ఆ తొందరలో ఒకటి రెండు అక్షరాలు పోతాయి, లేదా చేరతాయి. దాంతో ఆ జన్యువు పనిచేయడం ఆగిపోతుంది. ఒక జన్యువును ఆపడం ఈ పద్ధతికి సులువు. తప్పు అక్షరాన్ని దిద్దడం అంత సులువు కాదు. పోలిక చాలావరకు కలిసే వేరే చోట కోత పడితే కొత్త ముప్పు వస్తుంది.

ఈ లోటు తీర్చడానికి హార్వర్డ్‌లో డేవిడ్ లియూ బృందం 2016లో మరో ఉపాయం తెచ్చింది. అందులో పోగులు రెండూ తెగవు. క్యాస్9కు తగిలించిన ఎంజైము ఒక అక్షరాన్ని మరో అక్షరంగా మారుస్తుంది. మొదట సి ని టి గా, 2017లో ఎ ని జి గా మార్చగలిగారు. దీన్ని అక్షర సవరణ అనవచ్చు. 2019లో ఇదే బృందం చిన్న చిన్న వరుసలను సైతం తిరగరాయగల ప్రైమ్ ఎడిటింగ్ పద్ధతిని ప్రకటించింది.

సికిల్ సెల్: నూరేళ్ల వెతుకులాట

1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక రోగి రక్తంలో కొడవలిలా వంగిన ఎర్రకణాలు ఉన్నాయని వ్యాసం రాశారు. ఆ రోగి గ్రెనడా దీవి నుంచి దంతవైద్యం చదవడానికి వచ్చిన యువకుడు. 1949లో లైనస్ పాలింగ్ బృందం ఈ జబ్బుకు మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని చూపింది. ఒక వ్యాధికి కారణం ఫలానా అణువులోని లోపమని తేలడం అదే మొదలు. ఆ తర్వాత కొన్నేళ్లకు వెర్నన్ ఇంగ్రామ్ ఆ లోపాన్ని ఒక్క అమైనో ఆమ్లం దాకా తరిమి పట్టుకున్నారు. బీటా గ్లోబిన్ జన్యువులో జిఎజి ఉండాల్సిన చోట జిటిజి ఉంటుంది. ఒక్క అక్షరం తేడాతో ప్రొటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరుతుంది. ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకుని గట్టి పోగులవుతాయి. కణం వంగి, బిరుసెక్కి, సన్నటి రక్తనాళాల్లో అడ్డుపడుతుంది. అప్పుడు వచ్చే ఎముకల నొప్పి అనుభవించినవారికే తెలుస్తుంది. రక్తహీనత, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు, ప్లీహం దెబ్బతినడం, చిన్న వయసులోనే పక్షవాతం కూడా దీని వెంటే వస్తాయి.

ఇంత హాని చేసే జన్యువు ఇన్ని వేల ఏళ్లు ఎలా నిలిచింది? తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఈ జన్యువు వచ్చినవారికి జబ్బు రాదు సరికదా, మలేరియా నుంచి రక్షణ దొరుకుతుంది. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో దీన్ని చూపించారు. తలసీమియా విషయంలో ఇలాంటి ఊహను అంతకు ముందే చేసిన జె.బి.ఎస్. హాల్డేన్ తర్వాత భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. మలేరియా పీడించిన అడవి ప్రాంతాల్లో సికిల్ సెల్ ఎక్కువగా కనబడడానికి కారణం ఈ రక్షణే. మన దేశంలో ఈ లోపాన్ని 1952లో నీలగిరి కొండజాతుల్లో తొలిసారి గుర్తించారు. తెలుగునాట పాడేరు, అరకు ఏజెన్సీలోనూ, ఆదిలాబాద్, భద్రాచలం ప్రాంతాల గోండు, కోయ గూడేల్లోనూ ఇది ఉంది.

లోపం ఏ అమైనో ఆమ్లంలో ఉందో 1950ల్లోనే తెలిసినా మందుకు దారి చూపింది ఆ సమాచారం కాదు. 1948లో న్యూయార్క్ పిల్లల వైద్యురాలు జానెట్ వాట్సన్ ఒక సంగతి గమనించారు. సికిల్ సెల్‌తో పుట్టిన బిడ్డకు మొదటి నెలల్లో జబ్బు లక్షణాలు కనబడవు. గర్భంలో ఉన్నప్పుడు వాడుకున్న పిండ హిమోగ్లోబిన్ ఇంకా ఆ బిడ్డ రక్తంలో మిగిలి ఉంటుంది, దాంట్లో బీటా గ్లోబిన్ ఉండదు. అది తగ్గేకొద్దీ జబ్బు బయటపడుతుంది. కొన్ని కుటుంబాల్లో పెద్దయ్యాక కూడా పిండ హిమోగ్లోబిన్ ఆగదని, అలాంటివారు సికిల్ సెల్ జన్యువు ఉన్నా హాయిగా తిరుగుతారని ఆ తర్వాత తెలిసింది. అయితే పిండ హిమోగ్లోబిన్‌ను ఆపేది ఏది? 2007, 2008లలో స్వీ లే థైన్ బృందం, స్టూవర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్‌ల పరిశోధనలు దీనికి జవాబు చెప్పాయి. బీసీఎల్11ఎ అనే జన్యువు నుంచి వచ్చే ప్రొటీన్ ఆ పని చేస్తోంది. అయితే ఈ ప్రొటీన్ ఇతర కణాలకు కూడా అవసరమే కాబట్టి దాన్ని అన్నిచోట్లా ఆపేయడానికి వీల్లేదు. 2013లో ఆర్కిన్, డేనియల్ బావర్‌లు ఎర్రకణాల్లో మాత్రమే దాన్ని నడిపించే చిన్న డీఎన్ఏ భాగాన్ని పట్టుకున్నారు. ఆర్కిన్, థైన్‌లకు 2024లో షా బహుమతి లభించింది.

క్యాస్‌జెవీ కోసేది ఆ చిన్న భాగాన్నే. చెడిన జన్యువును ఇది బాగుచేస్తుందని చాలా వార్తల్లో వచ్చింది. నిజానికి ఆ జన్యువు జోలికే పోదు. రోగిలో ఎప్పుడో ఆగిపోయిన పిండ హిమోగ్లోబిన్‌ను తిరిగి మొదలుపెట్టిస్తుంది, అంతే. చికిత్స తర్వాత మొత్తం హిమోగ్లోబిన్‌లో అది నలభై శాతం దాకా చేరుతుంది.

రోగి పడే తిప్పలు

ఇది సూదిమందులా ఒక పూటలో అయ్యే చికిత్స కాదు. ముందు కొన్ని నెలల పాటు రక్తం ఎక్కించి కొడవలి కణాల పాళ్లు తగ్గిస్తారు. తర్వాత ప్లెరిక్సాఫోర్ అనే మందు ఇస్తే మూలుగలో ఉండే రక్త మూలకణాలు రక్తంలోకి వస్తాయి. యంత్రం ద్వారా రక్తాన్ని తిప్పి ఆ కణాలను వడగడతారు. సరిపడా దొరక్కపోతే మరోసారి, ఇంకోసారి అదే పని. వాటిని కంపెనీ ప్రయోగశాలకు పంపి, స్వల్ప విద్యుత్ ప్రవాహంతో కణపు పొరను క్షణకాలం తెరిచి క్యాస్9నూ, దారి చూపే ఆర్ఎన్ఏనూ లోపలికి పంపుతారు. పరీక్షలన్నీ పూర్తయి కణాలు తిరిగి వచ్చేసరికి నెలలు గడుస్తాయి.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. కొత్త కణాలకు చోటు కావాలంటే పాత మూలుగను ఖాళీ చేయాలి. అందుకు బుసల్ఫాన్ అనే గట్టి కీమోథెరపీ మందు ఇస్తారు. నోటి పుండ్లు, వాంతులు, జుట్టు రాలడం, పిల్లలు పుట్టే అవకాశం పోయే ముప్పు, అన్నీ ఉంటాయి. సవరించిన కణాలు ఎక్కించాక అవి మూలుగలో కుదురుకుని తెల్లకణాలు పెరిగేదాకా రోగి వారాల తరబడి ఆసుపత్రిలో విడిగా ఉండాలి. మిసిసిపీకి చెందిన విక్టోరియా గ్రే 2019లో నాష్‌విల్‌లో ఈ చికిత్స తీసుకున్నారు. సికిల్ సెల్‌కు అమెరికాలో దీన్ని తీసుకున్న మొదటి వ్యక్తి ఆమె. తన అనుభవాన్ని ఆమె తర్వాత సభల్లో వివరంగా చెప్పారు.

ఫలితం బలంగానే ఉంది. అమెరికా అనుమతి నాటికి తగినంత కాలం గమనించిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పి దాడి రాలేదు. అదే రోజు అమెరికా అనుమతి పొందిన లిఫ్‌జీనియా పాత తరహా జన్యు చికిత్స. అది వైరస్ ద్వారా కొత్త జన్యువును చేరుస్తుంది. క్యాస్‌జెవీ ధర 22 లక్షల డాలర్లు, అంటే పద్దెనిమిది కోట్ల రూపాయలకు పైమాటే. లిఫ్‌జీనియాకు 31 లక్షల డాలర్లు పెట్టారు. అంత ధర పెట్టినా దాన్ని తయారు చేసిన బ్లూబర్డ్ బయో నిలదొక్కుకోలేక 2025లో పెట్టుబడి సంస్థల చేతికి పోయింది.

ముందుగా కాలేయం

రక్త కణాలను బయటికి తీయవచ్చు, దిద్ది లోపలికి పంపవచ్చు. గుండెనూ మెదడునూ అలా తీయలేం. శరీరం లోపలే సవరణ జరగాలంటే సరుకును మోసుకెళ్లే వాహనం కావాలి. కోవిడ్ ఎంఆర్ఎన్ఏ టీకాల్లో వాడిన కొవ్వు నానో కణాల తరహావే ఇక్కడా పనికొచ్చాయి. రక్తంలోకి ఎక్కిస్తే అవి ఎక్కువగా కాలేయానికే చేరతాయి. అందుకే ఇప్పటిదాకా శరీరం లోపల జరిగిన పెద్ద ప్రయోగాల్లో ఎక్కువ భాగం కాలేయం మీదే సాగాయి.

2021లో ఇంటెలియా కంపెనీ ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ పేరుకుపోయే జబ్బుకు ఇలాంటి మందు ఇస్తే, ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో నెల తిరిగేసరికి ఆ ప్రొటీన్ సగటున 87 శాతం తగ్గింది. అంతా సవ్యంగా సాగుతోందనుకునేలోపు, 2025 అక్టోబరులో ఒక రోగికి కాలేయం తీవ్రంగా దెబ్బతినడంతో ఆ కంపెనీ తన పెద్ద ప్రయోగాలను నిలిపివేసింది. ఆ రోగి తర్వాత మరణించారు.

చెడు కొలెస్టరాల్ విషయంలోనూ దారి చూపినవారు అదృష్టవంతులే. పుట్టుకతోనే పీసీఎస్‌కే9 జన్యువు పనిచేయనివారికి కొలెస్టరాల్ చాలా తక్కువగా ఉంటుందని, వారికి గుండెజబ్బులు అరుదని డల్లాస్‌లో హెలెన్ హాబ్స్, జోనథన్ కోహెన్ 2005, 2006లలో చూపారు. ఆ జన్యువును అక్షర సవరణతో ఆపే మందును వెర్వ్ అనే కంపెనీ తయారుచేసింది. 2025 వసంతంలో వెలువడిన తొలి ఫలితాల్లో, ఎక్కువ మోతాదు ఒక్కసారి తీసుకున్నవారిలో చెడు కొలెస్టరాల్ సగటున 53 శాతం తగ్గింది. ఆ వెంటనే ఎలై లిల్లీ ఈ కంపెనీని కొనడానికి ముందుకొచ్చింది. రోజూ చవకైన మాత్ర వేసుకుంటే తగ్గే కొలెస్టరాల్ కోసం, మళ్లీ వెనక్కి తీసుకోలేని మార్పు డీఎన్ఏలో చేయించుకోవాలా అన్నది తేలని ప్రశ్న. పుట్టుకతోనే విపరీతమైన కొలెస్టరాల్ ఉండే కుటుంబాలకు అర్థముంది. అందరికీ అంటే మాత్రం తొందరపాటే.

ఫిలడెల్ఫియాలో రెండు చికిత్సలు

1999 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో పద్దెనిమిదేళ్ల జెస్సీ గెల్సింగర్ జన్యు చికిత్స ప్రయోగంలో చనిపోయాడు. అమ్మోనియాను యూరియాగా మార్చే ఎంజైములలో ఒకటి అతని కాలేయంలో సరిగా లేదు. మందులు, తిండి నియమాలతో బాగానే ఉన్న కుర్రాడు, ముందు ముందు పుట్టే పిల్లలకు ఉపయోగపడుతుందని ప్రయోగానికి ఒప్పుకున్నాడు. జన్యువును మోసుకొచ్చిన వైరస్‌కు శరీరం తీవ్రంగా ఎదురు తిరిగింది. నాలుగు రోజుల్లో ప్రాణం పోయింది. ఆ మరణంతో ఈ రంగం ఏళ్ల తరబడి కుంటుపడింది.

ఇరవై అయిదేళ్ల తర్వాత, అదే ఊళ్లో, అదే యూరియా చక్రంలోని మరో ఎంజైము లోపంతో కేజే అనే మగబిడ్డ పుట్టాడు. సీపీఎస్1 లోపం అది. సుమారు పదమూడు లక్షల మందిలో ఒకరికి వస్తుంది. తిన్న మాంసకృత్తులు అమ్మోనియాగా మారి మెదడును దెబ్బతీస్తాయి. పుట్టగానే ఈ జబ్బు బయటపడిన పిల్లల్లో సగం మంది దాకా బతకరు. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి వైద్యురాలు రెబెకా ఆరెన్స్ నిక్లస్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని కిరణ్ ముసునూరు ఆ బిడ్డలోని తప్పు అక్షరాన్ని గుర్తించి, దాన్ని మాత్రమే దిద్దే మందు తయారు చేయడానికి పూనుకున్నారు. రూపకల్పన, కణాల్లో, ఎలుకల్లో, కోతుల్లో పరీక్షలు, తయారీ, అన్నీ ఆరు నెలల్లో ముగించారు. మామూలుగా ఇందుకు ఏళ్లు పడుతుంది. 2025 ఫిబ్రవరి చివర్లో తొలి మోతాదు చాలా తక్కువగా ఇచ్చారు. ఆ తర్వాత మరో రెండు మోతాదులు పెంచి ఇచ్చారు. బిడ్డ మునుపటికంటే ఎక్కువ మాంసకృత్తులు తట్టుకోగలిగాడు, అమ్మోనియా మందు తగ్గించగలిగారు, జూన్‌లో ఇంటికి పంపారు. రోగం పూర్తిగా నయమైందని వైద్యులు చెప్పలేదు. కాలేయ కణాల్లో ఎన్ని దిద్దుబాటు అయ్యాయో తెలియాలంటే ముక్క తీసి చూడాలి. ఆ ముప్పు పసివాడికి ఎందుకని ఊరుకున్నారు.

ఈ మందును వేరే ఎవరికీ వాడలేరు. దారి చూపే ఆర్ఎన్ఏ మార్చి, మిగతా సరంజామా అలాగే ఉంచితే మరో బిడ్డకు మరో మందు తయారవుతుంది. ప్రతిదాన్నీ సరికొత్త మందుగా మొదటి నుంచి పరీక్షించాలా అని అమెరికా నియంత్రణ సంస్థ పునరాలోచనలో పడింది. మేనరికాలు ఇంకా జరిగే మన ప్రాంతంలో ఇలాంటి అరుదైన జన్యు లోపాలు మిగతా చోట్లకంటే తరచుగా బయటపడతాయి కాబట్టి ఈ మార్పును మనవాళ్లు జాగ్రత్తగా గమనించాలి.

అదే ఏడాది జరిగిన మరో సంగతి దీనికి పూర్తిగా ఎదురు. తెల్లకణాల లోపంతో బాధపడే రోగికి తొలిసారి ప్రైమ్ ఎడిటింగ్ చికిత్స చేసి, మంచి ఫలితం వచ్చిందని ప్రైమ్ మెడిసిన్ కంపెనీ 2025 మేలో ప్రకటించింది. ఆ పూటే ఆ కార్యక్రమాన్ని సొంతంగా ముందుకు తీసుకెళ్లబోనని కూడా చెప్పింది. రోగులు కొద్దిమంది, ఖర్చు ఎక్కువ. విజ్ఞానం గెలిచినా వ్యాపారం కుదరలేదు.

క్యాన్సర్‌లో, అవయవ మార్పిడిలో

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో 2022లో టి కణాల ల్యుకేమియాతో ఉన్న పదమూడేళ్ల బాలికకు, వేరొకరు ఇచ్చిన టి కణాలను అక్షర సవరణతో మార్చి ఎక్కించారు. కీమోథెరపీకీ మూలుగ మార్పిడికీ లొంగని జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ తర్వాత ఆమెకు మరోసారి మూలుగ మార్పిడి చేశారు.

పంది అవయవాలను మనిషికి అమర్చే ప్రయత్నాలకు కూడా జన్యు సవరణే ఆధారం. 2024 మార్చిలో బోస్టన్‌లో 69 సవరణలు చేసిన పంది మూత్రపిండాన్ని ఒక రోగికి అమర్చారు. ఆయన రెండు నెలల లోపే చనిపోయినా, మూత్రపిండం విఫలం కావడం వల్ల కాదని వైద్యులు చెప్పారు. 2025 జనవరిలో అదే ఆసుపత్రిలో మరొకరికి అమర్చినది 271 రోజులు పనిచేసి, ఆ తర్వాత తీసేయాల్సి వచ్చింది.

దాటకూడని గీత

ఇంతదాకా చెప్పిన మార్పులన్నీ చికిత్స తీసుకున్న మనిషితో ఆగిపోయేవే. పిండంలో మార్పు చేస్తే అది తరతరాలకూ సంక్రమిస్తుంది. 2018 నవంబరులో చైనాలో హె జియాన్‌కుయ్ ఎయిడ్స్ సోకకుండా చేస్తానంటూ సీసీఆర్5 జన్యువును పిండ దశలో మార్చి కవల ఆడపిల్లల పుట్టుకకు కారకుడయ్యాడు. ఆ పిల్లలకు ఆ అవసరమే లేదు, మార్పు కూడా అనుకున్నట్టు జరగలేదు. 2019 డిసెంబరులో అక్కడి కోర్టు అతనికి మూడేళ్ల జైలుశిక్ష వేసింది. భారత వైద్య పరిశోధన మండలి 2019 మార్గదర్శకాలు ఇలాంటి సవరణను నిషేధించాయి. శాస్త్రవేత్తల్లో దీనిపై అరుదైన ఏకాభిప్రాయం ఉంది.

వరి మడిలో

తెలుగు రైతుకు జన్యు సవరణ మందుకంటే ముందు విత్తనంగా ఎదురు కావచ్చు. 2025 మే 4న కేంద్రం రెండు సవరించిన వరి రకాలను ప్రకటించింది. రెండింటి పుట్టుకా తెలుగు నేలదే. హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ, బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరిలో గింజల సంఖ్యను అదుపు చేసే ఒక జన్యువును ఆపి డీఆర్ఆర్ ధాన్ 100ను తయారుచేసింది. దీనికి కమల అని పేరు. దిగుబడి 19 శాతం ఎక్కువ, కోత ఇరవై రోజులు ముందు అని సంస్థ చెబుతోంది. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. మారుటేరు నుంచి వచ్చిన ఎంటీయూ 1010, అదే మన కాటన్‌దొర సన్నాలు, దాని మూలం. ఉప్పు నేలనూ నీటి ఎద్దడినీ తట్టుకునేలా ఢిల్లీలో దిద్దారు.

బయటి జన్యువు చేరలేదు కాబట్టి ఇవి జన్యు మార్పిడి పంటల నియమాల కిందికి రావని 2022 మార్చిలోనే కేంద్రం మినహాయింపు ఇచ్చింది. క్రిస్పర్ పద్ధతి మీద పేటెంట్లు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయని, విత్తన హక్కు ఎవరిదో తేల్చకుండా ప్రకటనలు ఎందుకని రైతు ప్రతినిధులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రకం బాగుందో లేదో నాలుగు కార్లు పండిస్తే రైతే చెబుతాడు. పేటెంటు సంగతి మాత్రం ప్రభుత్వమే చెప్పాలి.

మన దేశంలో వైద్యం

సికిల్ సెల్‌తో పుట్టే పిల్లలు ఎక్కువగా ఉన్న దేశాలు నైజీరియా, కాంగో, భారత్. కోట్ల రూపాయల చికిత్స కనిపెట్టిన దేశాల్లో ఆ రోగులు తక్కువ. ఈ వైరుధ్యాన్ని తొలగించాలంటే ఇక్కడే, తక్కువ ఖర్చుతో తయారు కావాలి. ఢిల్లీలోని సీఎస్ఐఆర్ జన్యు సంస్థ ఐజీఐబీలో దేబజ్యోతి చక్రవర్తి బృందం వేరే బ్యాక్టీరియా నుంచి తీసిన క్యాస్9 మీద పనిచేస్తోంది. కోవిడ్ కాలంలో సత్యజిత్ రే డిటెక్టివ్ ఫెలూదా పేరుతో పరీక్ష కిట్ తెచ్చింది వీరే. 2025 నవంబరు 19న బిర్సా 101 అనే సికిల్ సెల్ చికిత్సను ఈ సంస్థ తరఫున ప్రకటించారు. బిర్సా ముండా నూటయాభయ్యో జయంతి సందర్భం అది. సాంకేతికతను సీరం ఇన్‌స్టిట్యూట్‌కు బదిలీ చేస్తున్నారు. ప్రకటన వేరు, ఆసుపత్రిలో దొరకడం వేరు. రోగుల్లో పరీక్షలు పూర్తయి, అమ్మకానికి అనుమతి రావాలి. అయినా ఆశకు ఆధారం లేకపోలేదు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన క్యాన్సర్ కణ చికిత్స నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. విదేశాల్లో కోట్లు పలికే అలాంటి చికిత్స ఇక్కడ లక్షల్లోకి దిగింది. లక్షలు కూడా గూడెంలో కూలి చేసుకునే కుటుంబానికి అందనివే. అక్కడ ప్రభుత్వమే కట్టాలి.

ఈలోగా చేయగలిగిన పని మరొకటి ఉంది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. తెలుగు రాష్ట్రాలు రెండూ అందులో ఉన్నాయి. గూడెంలో జరిగే పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. వేలి కొసన సూదితో పొడిచి చుక్క రక్తాన్ని గాజు గొట్టంలోని ద్రావణంలో కలుపుతారు. కొద్ది నిమిషాలు ఆగి, గొట్టం వెనక నల్ల గీతలున్న కాగితం పెడతారు. గీతలు స్పష్టంగా కనబడితే సికిల్ హిమోగ్లోబిన్ లేనట్టు. ద్రావణం మసకబారి గీతలు కనబడకపోతే ఉన్నట్టు. అది జబ్బా, లేక జన్యువును మోయడం మాత్రమేనా అన్నది ఈ పరీక్ష చెప్పదు. దానికి మరో పరీక్ష కావాలి. ఎండిన రక్తపు మచ్చ నుంచే డీఎన్ఏ చూసి తేల్చే పద్ధతిని హైదరాబాదులోని సీసీఎంబీ రూపొందించింది. భార్యాభర్తలిద్దరూ ఈ జన్యువును మోసేవారైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి.

జబ్బు ఉందని తేలినవారికి హైడ్రాక్సీయూరియా మాత్ర ఉంది. ఇది కూడా పిండ హిమోగ్లోబిన్‌ను పెంచే మందే. క్యాస్‌జెవీ డీఎన్ఏలో కోత పెట్టి చేసే పనిలో కొంత భాగాన్ని ఈ మాత్ర ఏ కోతా లేకుండా చేస్తుంది. అమెరికాలో సికిల్ సెల్‌కు దీని వాడకానికి 1998లో అనుమతి వచ్చింది. అందరికీ ఒకేలా పనిచేయదు. రక్తకణాల లెక్క చూసుకుంటూ, వైద్యుల సలహాతో రోజూ వాడాలి. గర్భవతులకు ఇవ్వరు. తోబుట్టువుల మూలుగ సరిపోతే మార్పిడి మరో దారి. ఒక్కొక్క తోబుట్టువుది సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే.

సికిల్ సెల్‌కు జన్యు సవరణ చికిత్స మన దేశంలో 2025 చివరి నాటికి అమ్మకానికి లేదు. ఎవరైనా ఉందని చెప్పి డబ్బు అడిగితే నమ్మకండి. పరీక్ష మాత్రం ఏజెన్సీ పీహెచ్‌సీల్లో ఉచితంగా చేస్తున్నారు. పెళ్లికి ముందే చేయించుకోండి.